సుద్దగీతల గది

ఆటోనగర్‌ల యాకూబ్ షెడ్డు గచ్చు మీద
సుద్దముక్కతోని రెండు ఇండ్లు గీసిండు.

ఒకటి, నా పాత బొలెరో వీపు మీద కూసునేది.
ఇంకోటి, రెండు చక్రాలతోని
దాని ఎనుకంగ ఉరికేది.
"జెల్ది చెప్పున్రి సార్,
రేకు రేటు పెరుగుతాంది" అన్నడు.

ముప్పై రెండేండ్లు కరెంటు స్తంభాలెక్కినోన్ని.
ఏ బరువుకు ఏ తీగె ఎంత వేలాడ్తదో
కన్నుతోనే చెప్పెటోన్ని.
నాలుగు దినాలాయె, గీ రెండు గీతల నడుమ
నడుముకు మోకు కట్టుకున్నట్టు నిలబడ్డ.

"గా పైసలతోని లాడ్జిల పండొచ్చు గద బావా"
అన్నడు బామ్మర్ది ఓదెలు.
లాడ్జి మెత్తల మీద
వేరేటోళ్ల నిద్ర అంటుకొని ఉంటదన్నది సరోజన.

వీపు మీది గదైతే
ఏ సందులనైనా దూరుతది.
తాడ్వాయి అడవిల మట్టితొవ్వ,
వాగు దిగుడు, ఒడ్డెక్కుడు,
బండి ఏడికి పోతే ఇల్లు ఆడికి.
కాని ఎనుమాముల యార్డుకు
పత్తి ఎత్తుకొచ్చే డీసీఎంలు సూసిన గద,
మూల తిరుగుతాంటే మీది బరువు
తాగినోని తలకాయ లెక్క ఒరుగుతది.

ఎనుక గదైతే కిందికుంటది, నేలను నమ్ముకొని.
సరోజన మోకాళ్లకు ఒక్కటే మెట్టు.
కాని రివర్స్ కొట్టాలంటే
స్టీరింగు ఎడమకు తిప్పితే అది కుడికి పోతది.
"నీకు అలవాటైన లెక్కనే" అన్నది
నా మొఖం సూడకుంటనే.

యాకూబ్ వాళ్లమ్మ చాయ్ తెచ్చింది.
గీతల చుట్టు ఒక్క తిరుగుడు తిరిగి
"గింతేనా? పిల్లను సంకనేసుకునుడా,
ఏలువట్టి నడిపిచ్చుడా" అన్నది.
మా ఇద్దరికీ ఆ రెండూ తెల్వయి.
చాయ్ మంచిగున్నదని చెప్పినం.

అప్పుడు సరోజన చెప్పులిడిసింది.
ఇనుపరజను కొంగుతోని దులిపి
మొదటి గీతల ఎల్లెల్కల పండింది.
గ్రైండరు బందాయె.
పనిపోరడు నల్లద్దాలు నెత్తి మీదికి ఎత్తి సూసిండు.
మట్టెలు రెండు గీత అవుతలికి వచ్చినై.
లేచి, రెండోదాంట్ల పండింది.
పక్క గచ్చును అరచేత్తోని తట్టింది,
"నువ్వు గిక్కడ."

నేను పండలే. నలుగురున్నరు.
కాని ఆమె భుజానికీ గీతకూ నడుమ జాగను
జానలతోని కొలుసుకున్న,
దూరం నుంచే, చేతులు ఎనుక కట్టుకొని.

ఇంటికి పోతాంటే
పోచమ్మ మైదాన్ సిగ్నల్ కాడ అన్నది:
"ఎనుకదే చేపిచ్చు."
మోకాళ్లకా అన్న.
"కాదు. దాన్ని ఊడదీయొచ్చు.

వానకాలం అద్దమరాత్రి ఫోనొస్తె
నువ్వు బండేసుకొని పోయెటోనివి.
ఏ తీగె తెగిందో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలిందో.
నేను ఆరిన బుగ్గ కింద కూసునేదాన్ని.
బుగ్గ ఎలిగితే
నువ్వు బతికున్నవని లెక్క.

ఇగ లక్నవరం కట్ట దిక్కు గదిని ఆపి
కొండి ఇప్పి
పాలకు నేను పోత.
నువ్వు లోపల కూసో.
బండి సప్పుడు ఏ దిక్కుకెల్లి వస్తదో
నువ్వు ఇను."

ఆమెకు లైసెన్సు ఇంక రాలే.
ఎర్రటి ఎల్ అక్షరం నిన్ననే అతికిచ్చినం.
ఆమె చేతుల బండి
దగ్గి దగ్గి ఆగుతది.

సిగ్నల్ పచ్చగైంది.
ఎనుక ఆటో ఆయన హారన్ కొట్టవట్టె.
నేను అద్దంల సూసుకుంట
ఇంక లేని గదికి జాగ ఇడిసి
మూలను
పెద్దగ, మెల్లగ తిప్పిన.